తుమ్మలకోన కడబంతి రాయుడు

ఈ కథ ఎన్నడూ వినని పిల్లలారా! మీలో చాలామంది తుమ్మలకోనకు ఇదే మొదటిసారి రావడం. మీ అమ్మానాన్నలు పనుల కోసం దూరపు పట్టణాలకు వెళ్లారు. మీరు అక్కడే పుట్టి, అక్కడి బడుల్లో వేరే భాషలో చదువుకుంటున్నారు. పక్కన పడుకోబెట్టుకుని ఈ కథ చెప్పే అవ్వలు మీ దగ్గర లేరు. చెప్పాల్సినవాళ్లం చెప్పకుండా ఊరుకుంటే కథ మాతోనే ఆగిపోతుందన్న భయంతో ఈ చిన్న పుస్తకం రాయడం జరిగింది. పెద్దల నోట విన్నదే ఇందులో ఉంది. తెలియని చోట తెలియదనే రాశాను.

కోన మొదట్లో బస్సు దిగగానే బండల దారి మొదలవుతుంది. ఎండ ముదిరితే బండలు కాలుతాయి కాబట్టి పొద్దున్నే ఎక్కడం మంచిది. నీళ్లు వెంట ఉంచుకోండి, చిన్నవాళ్ల చెయ్యి వదలకండి. పైకి చేరాక ముందుగా ఒక పొడవాటి రాతి సావిడి కనిపిస్తుంది. దాని వెనక కొండ గవిలో, అంటే గుహలో, నరసింహస్వామి ఉన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లు సావిడిని దాటుకుని నేరుగా గవిలోకి పోయి దండం పెట్టుకుని, బయటికొచ్చి, "రాయుడి గుడి ఎక్కడండీ?" అని అడుగుతారు. వాళ్లు దాటి వచ్చిన సావిడే రాయుడి గుడి.

దానికి గోపురం లేదు, తలుపులు లేవు. లోపల నేల మీదే, గోడకు ఆనుకుని, భోజనానికి కూర్చున్న మనిషిలా ఒక రాతి విగ్రహం ఉంటుంది. బాసింపట్టు వేసుకుని ఉంటాడు. ముందు రాతిలోనే చెక్కిన విస్తరి ఖాళీగా ఉంటుంది. కిరీటం లేదు, కత్తి లేదు. ముఖం మనవైపు ఉండదు. ఎడమకు తిరిగి సావిడి పొడవునా చూస్తూ ఉంటుంది. ఆయనే కడబంతి రాయుడు. భోజనానికి వరసగా కూర్చోవడాన్ని బంతి అంటారు. అందరి తరువాత, చివర కూర్చునేది కడబంతి. రాజులాంటి మనిషికి చివరి వరస పేరు ఎందుకు వచ్చిందో చెప్పేదే ఈ కథ.

పూర్వం ఇక్కడ ఓబుళరాయుడు అనే పాళెగాడు ఉండేవాడు. పాళెగాడంటే పెద్ద రాజు కాదు. చిన్న మట్టికోట, కొద్దిమంది బంట్లు, చుట్టూ కొన్ని పల్లెలు, అంతే. ఒక ఏడు గుర్రపు దండు వచ్చి పల్లెలను దోచి, ధాన్యపు పాతర్లు తవ్వుకుపోయింది. అప్పుడు రాయుడు కోటలో ఉన్న తన పాతర తెరిపించి, గింజలన్నీ ఇంటింటికీ పంచాడు. పంట వచ్చేదాకా తానూ అందరిలాగే అంబలి తాగాడు. పల్లె కాపలాకు బంట్లతో పాటు తానూ కంబళి కప్పుకుని ఆరుబయట పడుకున్నాడు.

అలాంటి మనిషిని ఎవరు ప్రేమించరు? ఆ పల్లెల వాళ్లు మామూలుగా ప్రేమించలేదు. పుట్టిన ప్రతి బిడ్డకూ ఆయన పేరే పెట్టారు. ఓబులేసు, ఓబుళమ్మ, ఓబన్న, ఓబులక్క. సందులో నిలబడి "ఓబీ!" అని పిలిస్తే సగం వీధి తిరిగి చూసేదని చెబుతారు. ఆయన నడిచిన దారిలో చెప్పులతో నడవడం మానేశారు. ఆయన పేరు ముంజేతి మీద పచ్చ పొడిపించుకున్నారు.

ఊరి పెద్ద నాగిరెడ్డికి రాయుడంటే ప్రాణం. దోపిడీ ఏట ఆయన ఇంటిల్లిపాదీ బతికింది రాయుడి గింజల మీదే. ఒకనాడు ఆయన భార్య సంగటి ముద్ద పెడితే, చెయ్యి పెట్టకుండా కోటవైపు చూస్తూ కూర్చున్నాడట.

"ఏమి, చల్లారిపోతాంది. తినవా?" అంది ఆమె.

"అయ్య తిన్నాడో లేదో. ఆయన తినకముందు నాకు గొంతు దిగదు" అన్నాడు నాగిరెడ్డి.

ఆ మాట పక్కింటికి పోయింది. పక్కింటివాళ్లూ ఆగారు. ఆ పైన వీధి ఆగింది, తరువాత పల్లెలన్నీ ఆగాయి. రాయుడు భోజనం చేసి చెయ్యి కడగగానే కోట బురుజు మీద నగారా మోగేది. ఆ మోత వినిపించాకే ఇళ్లల్లో పొయ్యి రాజేసేవాళ్లు. దానికి బువ్వ నగారా అని పేరొచ్చింది. ముందుగా ఎవరింటి మీదైనా పొగ లేస్తే ఇరుగుపొరుగు వాకిట్లోకి వచ్చేవాళ్లు. "ఏమ్మో, నీకు అయ్య కంటే కడుపే ఎక్కువైందా?" అని దెప్పేవాళ్లు. చెయ్యమని రాయుడు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ప్రేమతో మొదలైంది కాబట్టి, వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

అసలు ఈ సంగతి రాయుడికే తెలియదు. నగారా మోగేది కాపలా మారినందుకు అనుకునేవాడు. నగారా కొట్టే ముత్యాలప్పను ఒకసారి పిలిచి, "ఏమప్పా, నీ మోతకు ఒక వేళా పాళా లేదే?" అని నవ్వాడట. ముత్యాలప్ప తల గోక్కుని, "మబ్బులో పొద్దు తెలవలేదు సామీ" అన్నాడు. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. అయినా రాయుడు ఇంకేమీ అడగలేదు. చెబితే అయ్య నొచ్చుకుంటాడని, మన భక్తి మన మనసులోనే ఉండాలని నాగిరెడ్డి అందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

అలా ఉండగా ఒక ఏడు వాన పడలేదు. వేసిన కొర్ర, సజ్జ మొలకలోనే మాడిపోయాయి. రాయుడు ప్రజలను పిలిచి, "ఇండ్లల్లో గింజలున్నాయి కదా, పొదుపుగా వాడుకోండి. వాన సంగతి నేను స్వామినే అడుగుతా" అన్నాడు. మబ్బు పట్టేదాకా అన్నం ముట్టనని మొక్కుకుని, ఈ కోనలోని గవిలో నరసింహస్వామి ముందు కూర్చున్నాడు. ఎవరినీ రావద్దన్నాడు. మంచినీళ్లు తెచ్చిపెట్టడానికి ఒక్క నాగిరెడ్డి మాత్రం గవి ముందు ఉండేవాడు.

పిల్లలారా, ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ప్రజల కోసం ఆయన తినడం మానేశాడు. ఆయన తినలేదు కాబట్టి నగారా మోగలేదు. నగారా మోగలేదు కాబట్టి ప్రజలు తినలేదు. ఇళ్లల్లో కుండల నిండా గింజలుండగా పల్లెల మీద పొగ లేదు.

మొదట్లో అది పండగలాగే ఉందట. అందరూ రచ్చబండ దగ్గర చేరి రాయుడి మీద పాటలు పాడుకున్నారు. తరువాత పాటలు తగ్గాయి. ముసలివాళ్లు మంచాలు దిగలేదు. పాలు తాగే బిడ్డలకు మినహాయింపు అన్నారు గానీ, తిండి లేని తల్లులకు పాలెక్కడివి? అంత జరుగుతున్నా ముందుగా పొయ్యి ముట్టించడానికి ఏ ఇంటికీ ధైర్యం చాలలేదు.

ఊరి చివర సుంకులమ్మ అనే మేకల కాపరి ఉండేది. భర్త లేడు. ఆమెకు ఒక్కతే కూతురు, ఓబులక్క. నాలుగైదేళ్ల పిల్ల. కూతురు ఆకలికి ముడుచుకుని పడుకోవడం చూసి సుంకులమ్మ ఇక తట్టుకోలేకపోయింది. పొగ కనబడకుండా మేకల కొట్టంలో మూల పొయ్యి పెట్టి, మేకపాలు పోసి కొర్రజావ కాచింది. చల్లార్చి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముంత నోటికి పెట్టింది.

పిల్ల ముఖం తిప్పుకుంది. "అయ్య తిన్యాడా మా?"

"తిన్యాడు లే. తాగు."

"నగారా మోగల్యా."

సుంకులమ్మ బతిమాలింది, బెదిరించింది, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టింది. పిల్ల పళ్లు బిగించుకుంది. "అయ్య ఆకలితో ఉంటే నాకు గొంతు దిగదు" అంది. ఆ మాట ఆ పిల్లది కాదు. ఊరంతా అన్నప్పుడు తల్లే నేర్పిన మాట అది. మాటలు రాగానే ముద్దుగా పలికించి, నలుగురికీ చెప్పించి మురిసిపోయిన మాట.

సుంకులమ్మ పిల్లను భుజాన వేసుకుని, జావ ముంత కొంగు కింద పెట్టుకుని బురుజు దగ్గరికి పరుగెత్తింది. "అన్నా, ఒక్కసారి నగారా కొట్టు. నీ కాళ్లు మొక్కుతా. ఒక్కసారి మోగితే ఇది తాగుతాది."

ముత్యాలప్ప కర్రలు చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ కింద పెట్టేశాడు. "అబద్ధం కొట్టేదానికి నాకు చెయ్యి రాదు చెల్లీ. ఊరంతా నమ్మి తింటాది. రేపు అయ్య తినలేదని తెలిస్తే ఎంతమంది బాయిలో పడతారో!" కాసేపు ఆగి, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "కోనకు పో. రెడ్డి ఆపుతాడు. నువ్వు మాత్రం ఆగొద్దు" అన్నాడు.

మీరు ఎక్కి వచ్చిన దారినే సుంకులమ్మ మధ్యాహ్నపు ఎండలో ఎక్కింది. అన్నం లేని ఒళ్లు. బిడ్డ బరువు. గవి ముందు నాగిరెడ్డి కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడనే గానీ, ఆయన బరువంతా ఆ కర్ర మీదే ఉంది. ఆయన మాత్రం తిన్నాడా ఏమి?

"యాడికి మ్మే?"

"అయ్య కాడికి."

"దీక్షలో ఉండాడు. మాట్లాడకూడదు."

"నేను మాట్లాడను రెడ్డయ్యా. బిడ్డను చూపిచ్చి వస్తా."

"మనందరి కోసం ఆయన పస్తుంటే, నీకు నీ బిడ్డే ఎక్కువైందా?"

"ఎక్కువ లేదు రెడ్డయ్యా. ఉండేదే ఒకటి."

నాగిరెడ్డి కర్ర అడ్డం పెట్టాడు. "నా మనవళ్లూ పస్తులే ఉండారు. నాకు లేదా కడుపుకోత?"

"ఏడుస్తాండారా వాళ్లు?"

"ఏడవరా మరి! ఏడుస్తాండారు."

"మాదీ నిన్నటిదాకా ఏడ్చె. ఈ పొద్దు ఏడవల్యా" అంది సుంకులమ్మ.

నాగిరెడ్డి ఆమె భుజం మీద వాలిన చిన్న తలను అప్పుడు చూశాడు. కర్ర పక్కకు తీశాడు. ఆమె వెనకే తానూ లోపలికి నడిచాడు.

సుంకులమ్మ కూతుర్ని రాయుడి ముందు బండ మీద పడుకోబెట్టి, ముంత పక్కన పెట్టింది. అలికిడికి రాయుడు కళ్లు తెరిచాడు. జబ్బుపడిన బిడ్డను స్వామి దగ్గరికి తెచ్చిందనుకున్నాడు.

"ఏమైందమ్మా? వైద్యుడికి చూపించినావా?"

"జబ్బు కాదు సామీ. ఆకలి."

"ఇంట్లో గింజలు లేవా?"

"ఉండాయి."

"మరి?"

సుంకులమ్మ నాగిరెడ్డి వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. అప్పుడామె అంతా చెప్పేసింది. నగారా సంగతి, చల్లారిన పొయ్యిల సంగతి, మేకల కొట్టంలో జావ సంగతి. "నువ్వు తింటేనే ఇది తింటాదంట సామీ. నువ్వొక్క ముద్ద తిను. ఇంకేమీ వద్దు నాకు" అని ఏడ్చింది.

రాయుడు దీక్షలో కూర్చున్న చోటు వదిలి పిల్ల దగ్గరికి జరిగాడు. తరువాత ముంత చేతిలోకి తీసుకుని, పిల్లను లేపి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "తాగు తల్లీ."

"నువ్వు ముందు" అంది ఓబులక్క.

"కాదు, నువ్వు ముందు."

"నువ్వే ముందు."

ఆయన తాగితే ఆ పిల్ల తాగేది. కానీ తాను తింటేనే లోకం తినాలన్న మాట ఆ పిల్ల మనసులో అలాగే నిలిచిపోయేది. రాయుడికి అది ఇష్టం లేదు. అటు చూస్తే పిల్లకు తల నిలబడటం లేదు, ఎక్కువసేపు వాదులాడే వీలూ లేదు. కొంచెం ఆలోచించి, "సరే, తాగుతా. కానీ నాకు ఉప్పు లేంది సయించదు. సరిపోయిందో లేదో కొంచెం చూసి చెప్పు" అన్నాడు.

అది తినడం కాదు కదా, ఉప్పు చూడటమే కదా అనుకుంది పిల్ల. ఒక గుక్క తాగి, పెదవులు చప్పరించి, "తక్కువుండాది" అంది.

రాయుడు ఉత్త చెయ్యి ముంతలో పెట్టి కలిపినట్టు నటించాడు. "ఇప్పుడు చూడు."

ఇంకో గుక్క తాగింది. "ఇంగా తక్కువే."

"ఈమెకు నోరు మహా గట్టిదే! ఇప్పుడు చూడు."

అలా ఉప్పు చూసి చూసి ముంతలో సగానికి పైగా తాగింది ఓబులక్క. కళ్లలోకి వెలుగు వచ్చింది. అప్పుడు "సరిపోయింది" అని, ముంతను తన చేతులతో ఎత్తి ఆయన నోటికి పెట్టింది. రాయుడు ఆ ఎంగిలి జావ తాగాడు. మొక్కు తప్పిన దోషం నాదే, ప్రజలకు అంటనీయకు అని స్వామికి దండం పెట్టుకున్నాడు.

కొండ దిగేటప్పుడు నాగిరెడ్డి వెనకబడి నడుస్తూ, "మేము నిన్ను ప్రేమించడం తప్పా అయ్యా?" అని అడిగాడట.

రాయుడు ఆగి, ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "తప్పు కాదు నాగిరెడ్డీ. కానీ నాకు చెప్పకపోతివి. ఇంతమంది నన్ను ప్రేమిస్తా ఉండారు, బిడ్డలు పస్తుండారని ఒక్కరూ నా దగ్గరికి రాలేకపోయినారు. రావాలంటే ఈ తల్లికి నీ కర్ర దాటాల్సి వచ్చింది. నేనేం మనిషినయినాను?"

ఆ రోజుకు నగారా కొట్టించక తప్పలేదు. ఆ మోతకు ఒక్కసారిగా ఊళ్లన్నిటి మీదా పొగ లేచింది. మరునాటి నుంచి అందరూ తిన్నాకే తాను తింటానని రాయుడు చాటింపు వేయించాడు. కానీ అలవాటైన ప్రేమ అంత తొందరగా మాట వినలేదు. బంట్లు వచ్చి అడిగితే, తినకుండానే "తిన్నాం సామీ" అనేవాళ్లు జనం. ఆయనను ఆకలితో ఉంచకూడదని వాళ్ల ఆత్రం. ఇలా కాదని, స్వామి ముందైతే అబద్ధం ఆడరని రాయుడు ఈ సావిడి కట్టించాడు. అందరినీ ఇక్కడే బంతిలో కూర్చోబెట్టి, తాను చివర కూర్చుని, ప్రతి నోటిలోకీ ముద్ద పోవడం కళ్లతో చూసి, ఆ తరువాత విస్తరి వేయించుకునేవాడు. మొదట్లో అందరికీ సిగ్గుగా ఉండేదట. నాగిరెడ్డి అయితే ముఖం గోడకు తిప్పుకుని తిన్నాడు. కొన్నాళ్లకు అలవాటు పడ్డారు. ఆ పైన బంతిలో కూర్చునే, "అయ్యా, పల్లెకు దారి బాగాలేదు", "మీ బంటు మా గొర్రెపిల్లను తోలుకపాయ" అని మాటలూ మొదలుపెట్టారు. తిడుతూ కూడా తినేవాళ్లట. రాయుడు వింటూ కూర్చునేవాడు.

వాన సంగతి చెప్పాలి. రాయుడు జావ తాగిన క్షణంలోనే కుండపోత కురిసిందని కొందరు చెబుతారు. నేను విన్న పెద్దలెవరూ ఆ మాట అనలేదు. ఆ ఏడు ఉన్న గింజలనే కలిపి వండుకుని గట్టెక్కారనే చెప్పారు. అందుకే అలాగే రాశాను.

రాయుడు ముసలితనంలో కన్నుమూశాడు. పల్లెల వాళ్లు ఆయనకు గుడి కట్టాలనుకున్నారు. కత్తి పట్టి, కిరీటం పెట్టుకుని నిలబడ్డ నిలువెత్తు విగ్రహానికి రాయి తెప్పించి గీతలు గీయించారు. అప్పటికి ఓబులక్క పెద్దదై, ఈ సావిడిలో వడ్డన చేసేది. ఆమెకు కలలో రాయుడు, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని కనిపించాడు. "ఓబులక్కా, నన్ను నిలబెడతా ఉండారంట. నిలబడితే విస్తర్లు కనపడవు. కూర్చోబెట్టు" అన్నాడు. తెల్లవారి ఆమె చెప్పగానే కుర్రవాళ్లు ఒప్పుకోలేదు. అయ్యకు తగ్గట్టు ఎత్తుగా ఉండాల్సిందేనన్నారు. పండుముసలివాడై మంచంలో ఉన్న నాగిరెడ్డి తనను సావిడికి మోయించుకుని వచ్చి, చివరి చోటు చేత్తో తడిమి, "ఈడ. నేల మీద" అన్నాడు. శిల్పి అక్కడే చెక్కాడు. రాయుడి ముఖం బంతివైపు తిరిగి ఉండటానికి కారణం అదే. ఆయన మనల్ని చూడటం లేదని బాధపడకండి. మన పక్కన ఇంకా తిననివాళ్లు ఉన్నారేమోనని చూస్తున్నాడు.

రాయుడు దేవుడేనా అని మా ఇంట్లో పిల్లలు అడిగారు. దేవుడు వెనక గవిలో ఉన్నాడు. రాయుడు మనిషి. తన చుట్టూ జరుగుతున్నది తనకే తెలియకుండా పోయిన మనిషి, తెలిసిన రోజున సిగ్గుపడి సర్దుకున్న మనిషి. దండం పెట్టుకోవచ్చు. పొర్లుదండాలు మాత్రం ఇక్కడ పెట్టరు.

ఇప్పటికీ ఈ సావిడిలో నైవేద్యం ముందు పెట్టరు. జావ దించగానే వచ్చిన పిల్లల్లో అందరికంటే చిన్న పిల్లను పిలిచి ఉప్పు చూడమంటారు. ఆ బిడ్డ సరిపోయిందనేదాకా గరిటె ముందుకు కదలదు. ఎంగిలి అని ఎవరూ అనరు. పిల్లలు, ముసలివాళ్లు, దారిన పోయేవాళ్లు, వంటవాళ్లు అందరూ తిన్నాక, మిగిలినదే రాయుడి విస్తరిలో పడుతుంది. ఏమీ మిగలని రోజున ఆ విస్తరిని నీళ్లతో కడిగి దండం పెడతారు. ఆ రోజును శుభమని ఎంచుతారు. అన్నం సయించని బిడ్డలను తల్లులు ఇక్కడికి తెస్తే, ఉప్పు చూసే వంకతో నాలుగు గుక్కలు తాగి పోతారని నమ్మకం. నేను కళ్లారా చూశాను కూడా. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఓట్లలో గెలిచినవాళ్లు దండలు తీసి బయట కొక్కేనికి తగిలించి, కడబంతిలో రాయుడి పక్కన కూర్చుంటారు. తిన్నంతసేపూ పక్కనున్నవాళ్లు ఏ ఫిర్యాదు చెప్పినా అడ్డుచెప్పకూడదు. ఈ మధ్య అలా గెలిచిన ఒకాయన వెంట వచ్చిన పిల్లకాయలు, "మా అన్నకు ముందు వడ్డించు అవ్వా, అన్న తినకుండా మేం తినం" అన్నారు. వడ్డించే అవ్వ గరిటెతో వాళ్ల విస్తర్లు తట్టి, "ముందు తింటే మీ అన్నకు అరగదు లే గానీ, కూర్చోండి నాయనా, చల్లారిపోతాంది" అంది. ఆ అన్న నవ్వి, చివరికి పోయి కూర్చున్నాడు.

పిల్లలారా, మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి మీద ఇంత ప్రేమ పుడుతుంది. పుట్టనివ్వండి, దాన్ని వద్దనడానికి మేమెవరం? ఆ మనిషికి ఊళ్లో ఆకలి సంగతి చెప్పగలిగే చోట మాత్రం ఉండండి. మీ అమ్మానాన్నలు ఉన్నచోట ఈ కొండ లేదు, ఈ సావిడి లేదు. తీసుకుపోవడానికి వీలైంది ఈ కథ ఒక్కటే. అక్కడి స్నేహితులకు వాళ్ల భాషలోనైనా చెప్పండి, రేపు మీ బిడ్డలకు చెప్పండి. ఎవరికి చెప్పినా, మొదలుపెట్టే ముందు వాళ్లు అన్నం తిన్నారో లేదో అడగండి. తినకపోతే ముందు పెట్టండి. కథ తరువాత చెప్పవచ్చు.